తొమ్మిది పేటలకు ఒకే చీటీ

మెకానిక్‌లో ఒక లోపం ఉందని ఇల్లాలు ఏనాడూ అనలేదు. ఒక్కటే అయితే అనేదేమో. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు, సరే. టీ తాగిన గ్లాసు తాగినచోటే మొలకెత్తుతుంది, అదీ సరే. కానీ ఏది ముందు చెయ్యాలని అడిగితే "అన్నీ ముఖ్యమే" అనే మొగుడితో పదహారేళ్లు కాపురం చెయ్యడమంటే మాటలు కాదు.

అతనిది కుట్టు మిషన్ల దుకాణం. ముందు గదిలో అమ్మకానికి కొత్తవి, వెనక గదిలో పాతవి బాగుచేసే బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చునేది అతని అక్క. ఇంట్లో వాళ్ల సంగతి అటుంచి, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కూడా ఆవిడను అక్కగారనే పిలుస్తారు. తండ్రి దగ్గర పని నేర్చుకున్నది తమ్ముడికన్నా ముందు ఆవిడే. కాలిమిషనును నాలుగుసార్లు తొక్కి, చెవి ఒగ్గి వింటే చాలు, జబ్బెక్కడుందో చెప్పేస్తుంది.

ఎవరైనా ఫోనులో కుట్టు మిషన్ల కోసం వెతికితే దుకాణం ప్రకటన కనిపించాలి, దాన్ని నొక్కితే ఇక్కడ ఫోను మోగాలి. "నువ్వు చదువుకున్నదానివి కదా" అన్న బిరుదిచ్చి మెకానిక్ ఆ పనిని ఇల్లాలికి అంటగట్టాడు. ప్రకటనలను పేర్చింది మాత్రం అతనే. ఒకప్పుడు సైకిలు మీద పేటపేటకూ తిరిగి కరపత్రాలు పంచిన మనిషి, అలవాటెక్కడికి పోతుంది? పేటకొక ప్రకటనల కట్ట చొప్పున తొమ్మిది క్యాంపెయిన్లు పెట్టాడు. ఒక్కోదాంట్లో సూదులూ దారాలకొక ప్రకటన, కాలిమిషను బాగుచెయ్యడానికొకటి, ఇంకా నాలుగైదు. కొత్త ఎంబ్రాయిడరీ మిషన్లకు మాత్రం ఊరంతటికీ కలిపి ఒక్కటే, ఎందుకంటే అవి వచ్చేనాటికి అతనికి సైకిలు ఓపిక తగ్గింది. ప్రకటనలకు లేబుళ్లు తగిలించుకోవచ్చని ఎవరో చెబితే అన్నిటికీ "ముఖ్యం" అని తగిలించాడు. మిగతావాటికి "చాలా ముఖ్యం".

ఒక బుధవారం ఉదయం పళ్లెం ముందు కూర్చుని ప్రకటించాడు.

"సోమవారం వడ్రంగి వస్తాడు. వెనక బల్ల తీయించేస్తున్నా. అక్కడంతా ఎంబ్రాయిడరీ మిషన్లు వరసగా పెడదాం."

"మరి వదినో?"

"ఇంటిపట్టున ఉంటుంది. ఎన్నాళ్లని చేస్తుందే? ఇదిగో చూడు, పోయిన నెల కాలిమిషన్లకు ఈ పేటలో మూడు ఫోన్లు, ఆ పేటలో నాలుగు, ఇంకోచోట అయిదు. ఎంబ్రాయిడరీకి ఇరవై ఒకటి! కళ్లకు కనిపించడం లేదూ?"

"వదిన ఏమంది?"

"ఏమంటుంది? వింది."

ఇల్లాలు దుకాణం వెనక గదిలోకి వెళ్లింది. అక్కగారు ఒక పాత మిషను పొట్ట తెరిచి నూనె వేస్తోంది.

"ఇంటిపట్టున ఉండమంటున్నారట, వదినా."

"అవునట అమ్మాయ్. ఇంట్లో నాకేం పని? వండటానికి నువ్వున్నావు, వంకలు పెట్టడానికి వాడున్నాడు." ఆవిడ నవ్వింది కానీ తలెత్తలేదు. నూనె వేసినచోటే మళ్లీ వేస్తోంది. మూడోసారి కూడా అక్కడే వేసేసరికి ఇల్లాలు చూడలేకపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె ప్రకటనలు తెరిచి కూర్చుంది. ముందు "ముఖ్యం", "చాలా ముఖ్యం" పీకిపారేసింది. లేబుల్ అంటే మరేం కాదు, మనం తగిలించుకునే చీటీ. ప్రకటన చూసేవాళ్లకది కనిపించదు. ఏ క్యాంపెయిన్‌లో ఏ మూల ఉన్నా ఆ చీటీ ఉన్నవాటన్నిటినీ ఒక్కచోట చేర్చి చూపిస్తుంది, గడిచిన నెలల లెక్కతో సహా. తొమ్మిది పేటల్లోని కాలిమిషను ప్రకటనలకూ "అక్కగారి చెయ్యి" అని తగిలించింది. ఎంబ్రాయిడరీ దానికి "ఆయనగారి ముచ్చట" అని పెట్టింది. ఎలాగూ బయటివాళ్లకు కనిపించదు కదా.

పోయిన నెల అక్కగారి చెయ్యి, ముప్పై ఎనిమిది ఫోన్లు. ఆయనగారి ముచ్చట, ఇరవై ఒకటి.

మెకానిక్ కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు. "తొమ్మిది చోట్లవి కలిపితే అంతే మరి!"

"మీ ఎంబ్రాయిడరీ కూడా ఆ తొమ్మిది పేటలదేగా. మీదేమో కుప్ప పోసి చూస్తారు, వదినదేమో గింజ గింజ ఏరి చూస్తారా?"

"ఫోన్లకేం, ఊసుపోక చేస్తారు. పని జరగాలి గానీ. సరే, ఇంత వాదన ఎందుకు, వాటిని ఆపెయ్. సోమవారం దాకా. ఏ కొంప మునుగుతుందో చూద్దాం."

లేబుల్ పుణ్యమా అని తొమ్మిదింటినీ ఒక్క నొక్కుతో ఆపవచ్చు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది ఆమెకు. అయినా నొక్కింది.

గురువారం మెకానిక్ "ఎంత హాయిగా ఉందో" అన్నాడు. శుక్రవారం, తుడిచిన మిషన్లనే మళ్లీ తుడిచాడు. వెనక గదిలో ఇల్లాలు అక్కగారి పక్కన స్టూలు వేసుకుని, ఫోను చేసినవాళ్లు ఏమని అడుగుతారో ఒక్కొక్కటే చెప్పించుకుంది. చక్రం బిగిసింది, దారం కిందపక్క ఉండకడుతోంది, అమ్మమ్మ మిషను పనికొస్తుందా. పాత ప్రకటనల్లోని "నాణ్యమైన సేవలు" కొట్టేసి ఆ మాటలే రాసి సిద్ధంగా ఉంచింది.

శనివారానికి ఎంబ్రాయిడరీ ఫోన్లు ఎప్పటిలాగే ఒకటీ అరా మోగాయి. మనుషులే రాలేదు. మెకానిక్ ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. "ఏమోయ్, ఒకసారి నీ ఫోను నుంచి చెయ్యి, ఇది పనిచేస్తోందో లేదో."

ఆమె వెనక గదిలోంచి చేసింది. "హలో, కాలిమిషన్లు బాగుచేస్తారాండీ?"

అతను ఠక్కున పెట్టేశాడు.

ఆ సాయంత్రం పెద్దవీధి టైలరమ్మ దారాలకు వచ్చింది. మూడు నెలల కిందట ఇక్కడే ఎంబ్రాయిడరీ మిషను కొన్న మనిషి.

"ఏమైందండీ, దుకాణం ఎత్తేస్తున్నారా? మొన్న మా చెల్లెలు వాళ్ల కాలిమిషను బాగుకోసం ఫోనులో వెతికితే మీది కనిపించలేదట. వేరేచోటికి పోయింది. పోయిందా, అక్కడే కొత్తదీ కొనుక్కుంది!"

"కొత్తది కావాలంటే ఇక్కడికి రావచ్చుగా?" అన్నాడు మెకానిక్.

"కొనాలని ఎవరనుకుంటారు? పాతది మోసుకొచ్చి, అది బాగయ్యేదాకా కూర్చుంటాం. కూర్చున్నచోట కళ్లు ఊరుకుంటాయా? నేను కొన్నదీ అట్లాగేగా. రేపేదైనా అయితే అక్కగారు ఉన్నారన్న ధైర్యం ఒకటి."

ఆమె వెళ్లాక మెకానిక్ ఎంబ్రాయిడరీ మిషన్లు ఎవరెవరు కొన్నారో వేళ్లమీద గుర్తుచేసుకున్నాడు. ఏడుగురు. అందులో అయిదుగురు ముందుగా పాత మిషనుతో వచ్చినవాళ్లే. మళ్లీ మొదటి వేలి నుంచి మొదలుపెట్టాడు. లెక్క మారలేదు.

"ఇదిగో, ఆ తొమ్మిదీ..." అని నసిగాడు.

"సోమవారం దాకా అన్నారుగా," అంది ఇల్లాలు దారపు ఉండలు సర్దుతూ.

"అన్నాన్లే. ఇప్పుడే వదులు."

ఒక్క నొక్కు. తొమ్మిదీ కొత్త మాటలతో లేచాయి. అవి ఉన్న క్యాంపెయిన్లకు రోజువారీ ఖర్చు కూడా కాస్త పెంచింది. అడగలేదు, అతనూ అడ్డుపడలేదు.

కానీ అక్కగారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. మెకానిక్ చెబుతాడని ఇల్లాలు, ఇల్లాలు చెప్పే ఉంటుందని మెకానిక్. ఆదివారం అట్లా గడిచిపోయింది. సోమవారం వడ్రంగి టేపు పట్టుకుని వచ్చేసరికి ఆవిడ స్క్రూడ్రైవర్లు, నూనెబుడ్డి గుడ్డలో మూటగడుతోంది. ముందు గదిలో ఫోను అప్పుడే రెండోసారి మోగి ఆగింది.

"ఎటునుంచి విప్పమంటారు బల్లని?" అన్నాడు వడ్రంగి.

మెకానిక్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "విప్పొద్దు. పక్కన ఇంకో చిన్న బల్ల పడుతుందేమో కొలువు."

"అదేమిట్రా?" అక్కగారి చెయ్యి మూట మీద ఆగింది. "పొమ్మన్నావు, పోతున్నా. మళ్లీ ఇదేం నాటకం?"

"ఇప్పుడు పని ఎక్కువొస్తోందిగా, అందుకని..."

"అందుకని?"

అతను ఇల్లాలి వైపు చూశాడు. ఆమె గోడవైపు చూస్తోంది, గోడమీద ఏమీ లేకపోయినా. వడ్రంగి టేపు చప్పుడు కానివ్వకుండా మడిచాడు.

"నేను పొరపాటు పడ్డానక్కా," అన్నాడు మెకానిక్, వడ్రంగికి కూడా వినపడేట్టు. "నా ముందు గది నడుస్తున్నదే నీ వెనక గది వల్ల. నాకది తెలియలేదు. తెలుసుకోకుండానే నిన్ను పొమ్మన్నాను. తప్పు నాదే."