చప్పుడు రాని చప్పట్లు

గురువారం వచ్చిందంటే ఆర్కెస్ట్రా మేనేజరు పుష్పలీలకి ఒకటే పని. ఇంగ్లండులో లీసెస్టర్‌లోని ఆ పాత హాల్లో కుర్చీలు సర్దాలి, కెటిల్ పెట్టాలి, వయొలిన్ వాళ్ళ అలకలు తీర్చాలి. రిహార్సల్లో పాట ముగిశాక చేతులాడిస్తూ వాయిద్యాలన్నిటినీ నడిపించే కండక్టర్ మినెగిషి సార్ ఎత్తిన చేతులు కాసేపు దించేవాడు కాదు. అంతసేపూ కెటిల్ కుయ్యిమనేది కాదు, బయట బస్సులు చప్పుడు లేకుండా పోయేవి. హారన్ మోగకపోతే డ్రైవర్లు "ఓహో, గురువారం కదా" అనుకునేవాళ్ళు. ఆ వేళలో ఒకసారి డ్రమ్ములాయన తుమ్మాడు. వారం దాకా ఆయన మాట ఎవరికీ వినపడలేదు.

మినెగిషి కుర్రతనంలో జపాన్ నుంచి లండన్ వచ్చాడు. పేరున్న కండక్టర్ల కోట్లు మోసి, వాళ్ళు జ్వరపడ్డ రోజున మాత్రం స్టేజీ ఎక్కి, జుట్టు నెరిశాక ఈ ఊరి ఆర్కెస్ట్రాకి చేరాడు. ఇది పోతే ఈ వయసులో ఆయన్ని పిలిచే నాథుడు లేడు.

ఇక కొత్త చైర్మన్ విజయభాస్కర్ ఉన్నాడే, సాఫ్ట్‌వేర్ మేనేజరు. సంగీతం ఆవగింజంత రాదు గానీ ముందు వరసలో కుర్చీ కావాలి, మేయరు పక్కన ఫొటో కావాలి. పాట అయిపోయిందని అందరికంటే ముందు తనకే తెలిసినట్టు, ఏ కచేరీలోనైనా మొదటి చప్పట్లు ఆయనవే.

"మినెగిషి మరీ పాతబడిపోయాడండీ పుష్పలీలగారూ," అన్నాడు సీజన్ ఆఖరి కచేరీ రోజున. "చేతులెత్తి అలా బొమ్మలా నిలబడతాడేంటండీ? కొత్త కుర్రాణ్ణి మాట్లాడేశాను. కచేరీ అవ్వగానే స్టేజీ మీదే చెప్పేస్తా."

"సార్‌కు ముందుగాల చెప్పిన్రా?"

"ఎందుకండీ? పూలబొకే ఇస్తాంగా!"

థూ, నీ మొహానికి బొకే ఒకటి, అనుకుంది పుష్పలీల. అయినా ఉండబట్టలేక, "ఆయన చేతులు దించేదాంక చప్పట్లు కొట్టకుండ్రి సార్," అంది.

"నాకా చెప్తున్నారు? సంగీతానికి పుట్టిల్లు వియన్నా చూసొచ్చినవాణ్ణి!"

ఆ సాయంత్రం ఆఖరి స్వరం ఆగింది. మినెగిషి చేతులు గాల్లోనే ఉన్నాయి. పైకప్పు మీద వాన చప్పుడు కూడా పోయింది. ముందు వరసలో విజయభాస్కర్ లేచి చప్పట్లు అందుకున్నాడు. చప్పుడు రాలేదు. ఇంకా గట్టిగా బాదాడు, మొహం కందగడ్డయింది. మినెగిషి మెల్లగా చేతులు దించాకే హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది.

చైర్మన్ మైకు ముందుకెళ్ళి నోరు తెరిచాడు. పెదాలు ఆడాయి, మాట లేదు. మైకుని వేలితో కొడితే అది మాత్రం మోగింది. జనం గుసగుసలాడారు.

పుష్పలీల బొకే అందుకుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? బొకేతో స్టేజీ ఎక్కి మైకు లాక్కుంది. "చైర్మన్ గారికి గొంతు పోయింది," అంది ఇంగ్లీషులో. "ఆయన చెప్పాలనుకున్నది నేను చెప్తాను. వచ్చే సీజన్‌లోనూ మన కండక్టర్ మినెగిషి గారే!"

విజయభాస్కర్ అదిరిపడి, మెడ విరిగేలా తల అడ్డంగా ఊపాడు. హాల్లో ఉన్నది సగానికి పైగా ఇంగ్లీషువాళ్ళాయె. ఇండియన్లు తల ఎటు ఊపినా ఔననే అర్థమని ఆఫీసు ట్రైనింగుల్లో నేర్చుకున్నవాళ్ళు.

"పాపం, ఎంత సంబరమో చూడండి!" అంది మేయరు భార్య.

ఆయన ఊపినకొద్దీ వీళ్ళు చప్పట్లు పెంచారు. చివరికి హాలు హాలంతా లేచి నిలబడింది. మినెగిషి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, విజయభాస్కర్ ముందు నడుము దాకా వంగాడు.

అంతమంది చూస్తుంటే ఏం చేస్తాడు? ఆయనా వంగాడు.