కోడే తిరిగొచ్చింది

ఆ రోజు పొద్దున మబ్బు బాగా కిందికి దిగింది. కురవలేదు, పోనూ పోలేదు. మా ఊరు వత్సవాయి మీద తడిగుడ్డ ఆరేసినట్టు అట్లాగే ఉండిపోయింది. తడి మీద పత్తి తియ్యకూడదు. కూలీలను రావద్దని చెప్పి, చేను ఒకసారి చుట్టి, పొద్దెక్కకముందే ఇంటికొచ్చాను. రాకపోయి ఉంటే ఆ నవ్వు వినేవాణ్ణి కాదు.

నవ్వింది నా భార్య జయమణి. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచి ఆమె నవ్వలేదు. ఏడవనూ లేదు. వంట చేసేది, బట్టలుతికేది, అడిగినదానికి జవాబు చెప్పేది. నాకు మాటలు తక్కువ. మాటలకు బదులు చెయ్యగలిగినవి చేశాను. జగ్గయ్యపేట తీసుకెళ్ళి సినిమా చూపిస్తే ఇంటర్వెల్లో "ఇంటికి పోదామా" అంది. కొత్త మిక్సీ తెస్తే "పాతది బానే ఉందిగా" అంది.

ఇప్పుడు వసారాలో గోడకు ఆనుకుని, ఒళ్ళో ఏదో పుస్తకం పెట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అదే పేజీ చూసింది. మళ్ళీ నవ్వింది. నేను సంతోషపడాలి. కానీ ముందు ఆ పుస్తకం వైపే చూశాను.

"ఏంటది?" అన్నాను.

"పుస్తకమండి. నిన్న డ్వాక్రా పని మీద నందిగామ పోయాగా, యూనస్ ఇచ్చాడు."

"ఏ యూనస్?"

"బస్టాండ్ పక్కన ఫ్లెక్సీలేసే అబ్బాయి. అమ్మ పోయినప్పుడు ఫ్లెక్సీ వేసింది అతనేగా. ఇది తనే రాసి, తనే బొమ్మలేసుకున్నాడంట. ఎంత బాగా వేశాడో చూడండి."

పుస్తకం పేరు 'తొందరపడి పోయినోళ్ళు'. పేజీకొకరు చచ్చిపోతారు. పైన నల్ల సిరాతో బొమ్మ, కింద నాలుగు పంక్తుల పాట. మొదటి పేజీలో ఇలా ఉంది:

సెల్‌ఫోన్ చూస్తూ సత్తెయ్య
బావి గట్టుపై నడిచాడు
సిగ్నల్ లేదని లోపలికెళ్ళి
ఇంకా వెతుకుతు ఉన్నాడు

బొమ్మలో బావి, బావిలో నీళ్ళు, నీళ్ళ పైన ఫోను పట్టుకున్న చెయ్యి ఒక్కటే. నాకు నవ్వు వచ్చేదే. రాసింది ఎవరో గుర్తొచ్చి ఆపుకున్నాను.

జయమణి వేలు పెట్టి ఇంకో పేజీ తీసింది. ఆ పేజీ అప్పటికే మెత్తబడి ఉంది.

అల్లుడు వచ్చిన ఆనందంతో
కోడిని కొయ్యగ పోయింది
కోడి పరిగెత్తె, అత్త పరిగెత్తె
కోడే తిరిగొచ్చింది

బొమ్మలో ఒక ముసలావిడ కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేతిలో కత్తితో గాల్లో ఉంది. ఒక చెప్పు ఆమెకంటే పైన ఉంది. ముందు కోడి నడిచిపోతోంది, ఏమీ ఎరగనట్టు.

ఆ ముసలావిడ మా అత్త రత్నమణి. ఆ అల్లుణ్ణి నేను.

మా అత్త ఊరు చెవిటికల్లు. మొన్న వేసవి మొదట్లో అటు పని పడి, చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను. అల్లుడొస్తే కోడి తెగాలి. పప్పన్నం పెట్టి పంపితే వీధిలో తలెత్తుకోలేననుకునే మనిషి ఆమె. పప్పు చాలత్తయ్యా అన్నాను. వినలేదు. దొడ్లో కోడి వెంట పడి, పాచి పట్టిన బండ మీద జారింది. తల నీళ్ళతొట్టికి కొట్టుకుంది. సాయంత్రానికి ఇంటినిండా జనం. ఆ జనంలోంచి కోడి నడుచుకుంటూ వచ్చి తన గంప పక్కన నిలబడింది.

దాన్ని కొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. జయమణి ఒళ్ళో పెట్టుకుని మా ఇంటికి తెచ్చింది. నూకలు వేసే పని నాకు పడింది. అది గుడ్లు పెడుతోంది. ఆ గుడ్లు మాత్రం జయమణి వండదు, పక్కింటి షాజాదికి ఇచ్చేస్తుంది.

"మీ అమ్మని ఇట్టా బొమ్మేస్తే నీకు కోపం రాలా?" అన్నాను.

"దేనికి? అమ్మ పోయింది ఇట్టాగేగా. ఫ్లెక్సీ మీద ప్రభువునందు నిద్రించెను అని వేయించారు. ప్రార్థన కూడికలో ఫ్రాన్సిస్ పాస్టరు గారు కూడా ప్రశాంతంగా నిద్రించింది అన్నారు. కత్తి పట్టుకుని పరిగెత్తేదాన్ని నిద్రంటారా ఎవరన్నా?"

"ఇదంతా అతనికెట్టా తెలుసు?"

"నేనే చెప్పా. ఫ్లెక్సీ అయ్యేదాకా కూర్చోవాలిగా. ఏం జరిగిందక్కా అన్నాడు. చెప్పా."

"నాకు చెప్పలేదే."

"మీరు అక్కడే ఉంటిరిగా. మీరు అడగలా."

ఆ మాట కోపంగా అనలేదు. అంటే బాగుండేది. ఇన్ని నెలలు ఈ ఇంట్లో నేను ఎదురుచూసిన మాటలు, ఎవరో స్టూల్ వేసి కూర్చోబెడితే, మిషన్ చప్పుడు మధ్య చెప్పేసింది. అతను వాటిని బొమ్మ కట్టి ఇచ్చాడు. నవ్వు కూడా అతని ఖాతాలోకే పోయింది.

పుస్తకం తీసుకుని తప్పుల కోసం వెతికాను. ఒకటి దొరికింది.

"ఇది పెట్ట. పుంజు తోక పెట్టాడు," అన్నాను.

"ఉంటే ఉందిలెండి," అంది. ఆ తోక చూసి ఇంకోసారి నవ్వింది.

పుస్తకం చంకలో పెట్టుకుని నందిగామ బయల్దేరాను. జగ్గయ్యపేటలో బస్సు మారాను. ఎందుకు పోతున్నానో నాకే సరిగ్గా తెలియదు. తోక సంగతి చెప్పాలని అనుకున్నాను. దారి పొడుగునా అతని పాట నోట్లో తిరుగుతూనే ఉంది. చిల్లకల్లు దాటాక దాని వెనకాలే నా పాట ఒకటి వచ్చి చేరింది.

యూనస్ సన్నగా ఉన్నాడు. గడ్డం శుభ్రంగా కత్తిరించుకున్నాడు. కంప్యూటర్ మీద ఎవరో పెద్దాయన ఫొటో వెనక మేఘాలు అతికిస్తున్నాడు.

"రండి బావగారూ. జయమణక్క వాళ్ళ ఆయనేగా మీరు," అన్నాడు. వరస కూడా కలిపేసుకున్నాడు.

"కోడికి తోక తప్పేశావు."

పుస్తకం తెరిచి చూశాడు. "నిజమే. పెట్టకి పుంజు తోక పెట్టా. ఇంతమంది చదివారు, ఒక్కరూ చెప్పలా." వాదిస్తాడనుకుని వచ్చాను. ఒప్పుకునేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు.

"అక్క నవ్విందా?"

చెప్పడానికి మనసొప్పలేదు. "నవ్వింది," అన్నాను.

"హమ్మయ్య. ఏడుస్తదేమోనని భయపడుతూ ఇచ్చా." స్టూల్ నా వైపు జరిపాడు. ఆమె కూర్చున్న స్టూలు అదే అయ్యుంటుంది. "నా పని చూస్తున్నారుగా బావగారూ. ఎవరు పోయినా ఇవే మేఘాలు, ఇవే పావురాలు. ఇక్కడ కూర్చున్నోళ్ళు అసలు సంగతి చెబుతారు. అది మాత్రం ఫ్లెక్సీ మీద వెయ్యనీరు. మరి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?"

నేను నేల చూస్తూ నా పాట చెప్పాను. "నేనూ ఒకటి కట్టా. బొమ్మ వేసిపెట్టు."

అతను మౌస్ వదిలేశాడు. తర్వాత బల్ల మీద తల పెట్టి నవ్వాడు. నవ్వడం అయ్యాక, "నేనెయ్యను," అన్నాడు.

"డబ్బులిస్తా."

"డబ్బు కాదండి. నేనేస్తే మళ్ళీ తోక తప్పు పోద్ది. దానికి రోజూ మేతేసేది మీరు, మీరే వెయ్యండి." జేబులోంచి నల్ల పెన్ను తీసి ఇచ్చాడు. "నవ్వించాలని మాత్రం చూడమాకండి. కోడి మొహం కోడి మొహంలాగే ఉండాల. అది తప్పు చేసినట్టు గీశారా, చెడిపోద్ది."

ఆ పెన్ను విసిరి కొట్టాలనిపించింది. జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మబ్బు కొంచెం విడింది. జయమణి చేతిపంపు దగ్గరికి పోయింది. దొడ్లో గంప బోర్లించి దాని మీద కూర్చుని, కోడిని చూస్తూ, పుస్తకం చివర ఖాళీగా ఉన్న అట్ట లోపల గీశాను. బళ్ళో పలక మీద గీసిందే నాకు ఆఖరు. కోడి లావుగా వచ్చింది. నేను పుల్లలా వచ్చాను. తోక మాత్రం సరిగ్గా పెట్టాను. కింద రాశాను:

అత్తను మింగిన కోడికి రోజూ
అల్లుడి చేతే నూకలు
కోడి బలిసింది, అల్లుడు చిక్కెను
కోడే నూరెను కత్తులు

బిందె దించుతున్న జయమణి ముందు ఆ పేజీ పెట్టాను. తడి చేతులు చీరకు తుడుచుకుని చూసింది. చాలాసేపు చూసింది. మొహంలో ఏమీ కదల్లేదు.

"ఇది కోడా?"

"కోడే."

"పందిలాగుంది."

"తోక చూడు."

తోక చూసింది. పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. అంతే. యూనస్ గీస్తే పొద్దుటినుంచి నవ్వింది. నేను గీస్తే బిందె ఎత్తుకుపోయింది. వసారాలో కూర్చుని ఆ నల్ల పెన్ను మూత తీశాను, పెట్టాను.

కాసేపటికి వంటింట్లోంచి దగ్గులాంటిది వినిపించింది. పొగ పట్టిందేమో అనుకున్నాను. కానీ మాది గ్యాసు పొయ్యి. మళ్ళీ వచ్చింది, ఈసారి పొడుగ్గా. గిన్నె మీద గరిటె జారి పడింది. "కత్తులు నూరుద్దంట," అని తనలో తను అనుకోవడం వినిపించింది. తర్వాత చాలాసేపు వేరే చప్పుడు. అది నవ్వో ఏడుపో ఇక్కణ్ణుంచి తేల్చుకోలేకపోయాను. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను.

చీకటి పడకముందే కంచాలు పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నం మీద పులుసు పోసింది. పులుసులో గుడ్డు ఉంది. షాజాదికి ఇవ్వాలని దాచిన గుడ్లలోది.

ఆమె తన కంచంలో గుడ్డును రెండు చేసి అన్నంలో కలుపుకుంది. నేనూ కలుపుకున్నాను. కోడి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, మెడ పక్కకు తిప్పి, మా ఇద్దరి కంచాలూ చూసింది. ఆమె భుజాలు కదిలాయి. నేను తలెత్తలేదు. ఇద్దరం కంచాలు ఖాళీ చేశాం.