అద్దం అవతల తాత

మా ఇంట్లో ఒక దెయ్యం ఉండేది. వేళకు అన్నం తినేది, తన కంచం తనే కడుక్కునేది. నేను వంటింట్లోకి వస్తే హాల్లోకి, హాల్లోకి వస్తే పక్కగదిలోకి పిల్లిలా జారుకునేది. ఆ దెయ్యంతో నాకు ఎప్పుడో పెళ్ళయింది కాబట్టి విడిచిపెట్టి పోయే వీల్లేదు.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలాక, లోపల బియ్యపుగింజలంతేసి రేడియేషన్ గింజలు పెట్టారు. అవి లోపలే ఉండి మెల్లగా పని చేస్తాయట. రెండు నెలలపాటు కడుపుతో ఉన్నవాళ్ళకి దూరంగా ఉండమనీ, పసిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దనీ పెద్దడాక్టరు చెప్పాడు. అప్పటికి మా అమ్మాయి నిండు చూలాలు, కింద అంతస్తులోనే కాపురం. ఆయన ఆ రోజే పక్కగదిలోకి మారిపోయాడు. దానికి హాలు వైపు అద్దాల తలుపు, వరండా వైపు ఇంకో తలుపు. మంచిదే కదా అనుకున్నాం.

రెండు నెలలు దాటాయి. మనవరాలు పుట్టింది, బోర్లా పడింది, పాకింది, నడిచింది. పిల్ల పైకి వచ్చిందంటే చాలు, ఆయన ఆ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవాడు.

"గడువు అయిపోయిందిగా, రండి" అని ఎన్నిసార్లు అన్నానో. "చూద్దాంలే" అనేవాడు. గింజలు పెట్టాక కొన్నాళ్ళు ఆయనకి మూత్రం చుక్కలు పడేవి, ప్యాడ్లు వాడాల్సి వచ్చింది. ఆ సిగ్గే ఇంకా పోలేదనుకున్నాను.

పిల్ల వచ్చి అద్దానికి అరచెయ్యి ఆనించేది. అవతల ఆయన నేలమీద చతికిలబడి తన చెయ్యి ఆనించేవాడు. "తాతా" అనేది. ఆయన పెదాలు కదిలేవి, మాట వినపడేది కాదు. సాయంత్రం లైటు వెయ్యకుండా ఆ అద్దం వెనక నిలబడి ఉంటే, నా మొగుడేనని తెలిసి కూడా గుండె ఝల్లుమనేది. గడియ పడే చప్పుడు నాకు నిద్రలో కూడా వినపడేది; తీసేటప్పుడు మాత్రం చప్పుడు కాకుండా తీసేవాడు.

మొన్న మా అమ్మాయి తెగేసి చెప్పింది. "మా ఆయనకి బదిలీ అయిందమ్మా, వచ్చేవారం వెళ్ళిపోతున్నాం. నాన్నకి నా బిడ్డంటే గిట్టదు. నువ్వేం సర్దిచెప్పకు, నాకూ కళ్ళున్నాయి. ఇంక దీన్ని ఈ గడప తొక్కనివ్వను."

ఆయన అద్దం వెనక నుంచి అంతా విన్నాడు. తలుపు మాత్రం తెరవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటతోనే మర్నాడు ఆసుపత్రికి ఆయన వెంట వెళ్ళాను. అప్పటిదాకా ల్యాబులో రక్తం ఇచ్చి రావడం, ఫోనులో ఫలితం వినడం, అంతే. గింజలు పెట్టిన పెద్దడాక్టరు వేరే ఊరు వెళ్ళిపోయాడు. ముందుముందు ఆరోగ్యం ఎలా చూసుకోవాలో మాట్లాడదాం రమ్మని అక్కడి నర్సమ్మ పిలిచింది.

పాపం, ఓపిగ్గా చెప్పింది. జబ్బు తిరగబెట్టిందేమో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్ష ఆర్నెల్లకోసారి, కొన్నేళ్ళు పోయాక ఏడాదికోసారి. ఒకసారి కాస్త పెరిగినంత మాత్రాన కంగారు పడకూడదు, మళ్ళీ చూస్తారు. హార్మోను ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు కాబట్టి ఎముకల బలం చూడాలి, రోజూ నడవాలి. మూత్రం బిగబట్టే కండరాల వ్యాయామం మానకూడదు. ఎక్కడైనా రక్తం కనిపిస్తే దాచుకోకుండా చెప్పాలి.

"దాచుకోవడంలో మా ఆయన్ని మించినవాడు లేడమ్మా" అన్నాను.

నర్సమ్మ నవ్వి, "మీరేమైనా అడగాలా సార్?" అంది.

ఆయన తాళంచెవుల గుత్తి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "ఎవరు తీస్తారమ్మా?" అన్నాడు.

"ఏంటి సార్ తీసేది?"

"పిల్లల్ని ఎత్తుకోవద్దని చెప్పింది ఆ డాక్టరు. ఇంక ఎత్తుకోవచ్చని ఆయన చెప్పలేదు. చెప్పకుండానే వెళ్ళిపోయాడు. మరి ఇప్పుడు ఎవరు తీస్తారు?"

నర్సమ్మకి అర్థం కాలేదు. నాకు అయింది.

లిఫ్టు పనిలో ఒక కట్టుబాటు ఉంది. లిఫ్టు కింద గుంతలోకి దిగేవాడు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని దిగుతాడు. వేసినవాడే వచ్చి తీయాలి. ఆయన కుర్రతనంలో ఎవరో పెద్దమనిషి, "ఈపాటికి అయిపోయే ఉంటుందిలే" అని తాళం పగలగొట్టించి స్విచ్ వేశాడు. కింద ఈయన జతగాడు ఉన్నాడు. ఆ కేక సంగతి పెళ్ళైన కొత్తలో ఒక్కసారి నాకు చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు. "గడువు అయిపోయిందిగా" అని నేను అన్నప్పుడల్లా ఆయనకి ఆ పెద్దమనిషి గొంతే వినపడి ఉంటుంది.

నేను తాళం సంగతి చెప్పాను. నర్సమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "సార్, ఆ గింజలు ఎవరూ తీయరు, అక్కడే ఉంటాయి. వాటి శక్తి ఎప్పుడో అయిపోయింది. ఆ డాక్టరుగారి బదులు ఇప్పుడు మిమ్మల్ని చూసుకునేది మేమే. నేను చెప్తున్నాను, తాళం తీసేశాం. వెళ్ళి పిల్లని ఎత్తుకోండి."

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఇంటికి రాగానే మా అమ్మాయిని పిలిచి అంతా చెప్పాను. "పిచ్చి నాన్నా" అంటూ ఏడ్చి, నవ్వి, పిల్లని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

పిల్ల ఏడవలేదు. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత అద్దాల తలుపు వైపు రెండు చేతులూ చాపి, "తాతా! తాతా!" అంది. ఆ గదిలో ఎవరూ లేరు. పెనుగులాడి కిందికి దిగి, పరుగెత్తి, అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది.

నేను వదిలించుకోవాలనుకున్న దెయ్యమే దానికి తాత.

ఆయన నా వైపు చూశాడు. "నేను అటు వెళ్ళనా?" అన్నాడు.

"వెళ్ళండి. గడియ వేసింది మీరు, తీయాల్సింది మీరే."

అద్దాల తలుపుకి లోపలి గడియ వేసే ఉంది. వరండా మీదుగా వెళ్ళి, అద్దం వెనక నేలమీద కూర్చుని, చెయ్యి ఆనించాడు. పిల్ల కిలకిలా నవ్వింది. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చాలాసేపటికి రెండో చెయ్యి పైకి లేచింది. ఆ గడియ తీసిన చప్పుడు ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.