చెరువులో పడ్డ పళ్ళెం

ఎండాకాలం కాలవలు కట్టేశారంటే రాజోలు వైపు ఊళ్ళకి మంచినీళ్ళ చెరువే దిక్కు. కట్టెయ్యకముందే గోదారి నీళ్ళతో చెరువు నింపుకుని, మళ్ళీ కాలవ వదిలేదాకా అందులో మనిషి కాలు పడకుండా కాపాడుకుంటారు. మెట్టు మీద నిలబడి బిందె ముంచుకోవాలి, అంతే. కాలు పెట్టినవాడు పొరుగూరివాడైతే తిట్లు, ఊరివాడైతే తప్పు కింద జరిమానా కట్టాలి.

కాశీవిశ్వనాథం కాఫీ హోటలుకి ఆ నీళ్ళే ప్రాణం. "పొడి మద్రాసుది, పాలు గేదెవి, పేరు మాత్రం చెరువుది" అనేవాడు. అమలాపురం కోర్టుకెళ్ళే ప్లీడర్లు కూడా బస్సాపించి మరీ తాగి వెళ్ళేవారు. ఆ పేరు పోతే అతనికి మిగిలేది పొయ్యే.

ఆ ఏడు పేపర్ల నిండా ఎగిరే పళ్ళేల గోల. సరిగ్గా అప్పుడే ఓ సాయంత్రం సుడిగాలి లేచి మట్టలు రాలుతుంటే, పడమటెండలో ధగధగా మెరుస్తూ గుండ్రటిదొకటి కొబ్బరి తలల మీదుగా గిర్రున తిరుగుతూ వచ్చింది. చెరువు నడిమధ్య, తామరాకుల్లో దబ్బున పడి మునిగిపోయింది. హోటలు అరుగు మీదున్న వాళ్ళందరూ చూసేరు.

"తీయించండి బాబూ. తాగే నీళ్ళు" అన్నాడు విశ్వనాథం, మునసబు ప్రభాకరరావుతో.

"భలేవారే. చెరువులో కాలెవడు పెడతాడండీ? పైగా అది ఏ సర్కారు వస్తువో. అమలాపురం కబురెట్టేను, ఆఫీసరు గారొచ్చి చూడాలి."

ఆఫీసరు రాలేదు. సిద్ధాంతాలు వచ్చేయి. వాటి వెనకాలే రాద్ధాంతాలూ వచ్చేయి.

పేపరు పైనుంచి కిందికి చదివే ప్రభాకరరావు అది కుజగ్రహం నుంచి వచ్చిందన్నాడు. అక్కడ నీళ్ళు కరువట, మన నీళ్ళు పరీక్షకి పట్టుకెళ్ళడానికొచ్చిందట. కొబ్బరి వ్యాపారి తాతారావు ఒప్పుకోలేదు. "గ్రహం లేదు, గిహం లేదండి. రష్యావాడిది. మన కొబ్బరి దిగుబడి ఫొటోలు తీసుకుంటున్నాడు, రేపు ధర దింపేస్తాడు" అన్నాడు. సత్యనారాయణమ్మ గారు ఇద్దరినీ కొట్టిపారేసింది. "పుష్పక విమానం నాయనా. దాన్నించి ఓ పువ్వు రాలింది. తామరల్లో పడక తుమ్మల్లో పడుతుందేవిటి?" అని, రోజూ పొద్దున్నే ఆ మెట్టు దగ్గర మూడు దోసిళ్ళు తీర్థం పుచ్చుకోవడం మొదలెట్టింది.

విశ్వనాథానికి గ్రహం మీద ఆగ్రహం, విమానం మీద అనుమానం, వీళ్ళందరి మీదా అసహ్యం. ఎందుకంటే నాలుగు రోజులు తిరిగేసరికి నీళ్ళు కంపు కొట్టడం మొదలెట్టేయి. చెరువు నడుమ బుడబుడమని బుడగలు. బిందె ఎత్తితే పైన నూనె తెట్టు. డికాషను దింపేటప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకునేవాడు.

"ఊపిరి తీస్తోందండోయ్. లోపల మనుషులున్నారు" అన్నాడు ప్రభాకరరావు బుడగలు చూసి.

"ఉంటే స్నానం చేసి ఎన్నాళ్ళయిందో కనుక్కోండి" అన్నాడు విశ్వనాథం.

"యంత్రానికి వాడే ఇంధనం వాసనండి అది" అన్నాడు తాతారావు.

"దివ్యగంధం" అంది సత్యనారాయణమ్మ గారు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

పళ్ళెం చూడ్డానికి పొరుగూళ్ళ జనం దిగేరు. హోటలు కిటకిట. గ్లాసెత్తి వాసన చూసేవాడు, మొహం చిట్లించేవాడు, మొత్తం తాగేసేవాడు. "ఆయ్, అదో రుచి" అని పెదాలు నాక్కునేవాడు ఇంకోడు. మీసాలకంటిన నురగ చూసి విశ్వనాథం మొహం తిప్పుకునేవాడు. కాఫీ కాదది, కాశీకి పంపే కషాయం. బేరం పెరిగిన కొద్దీ అతనికి రోత పెరిగింది. ఆఖరికి ఓ రోజు ప్లీడర్ల బస్సు ఆగకుండానే వెళ్ళిపోయింది.

ఆ రోజు అతను పంచె ఎగ్గట్టేడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, చెరువులోకి దిగేసేడు.

"విశ్వనాథం గారూ, కాలు, కాలు" అని ప్రభాకరరావు గట్టు మీద గంతులేసేడు.

"రెండూ పెట్టేనండీ" అన్నాడతను రొమ్ములోతు నీళ్ళలోంచి.

తామరదుంపల్లో చేతులు పెట్టి లాగి, ఒడ్డుకి తెచ్చి ఎత్తి చూపించేడు. వెడల్పాటి వెదురు తట్ట. కాకులెత్తుకుపోకుండా పైన వలముక్క కట్టుంది. వల కింద వెండి నాడాల్లాంటి చేపలు. సముద్రపొడ్డున ఎవరో ఎండబెట్టుకుంటే సుడిగాలి ఎత్తుకొచ్చింది. సగం ఎండినవి, సగం కుళ్ళినవి, ఇప్పుడు పూర్తిగా జావ. అది అతని మోకాళ్ళ మీదుగా జారింది.

"ఇన్నాళ్ళూ మీనమేషాలు లెక్కపెట్టేరు కదండీ. మీనాలివిగో. మేషాలు ఎవరో నేను చెప్పను" అన్నాడు.

అందరి పొట్టల్లోనూ ఆ నీళ్ళే ఉన్నాయి. మాంసాహారులు ఫరవాలేదనుకున్నారు గానీ, మూడేసి దోసిళ్ళ వాళ్ళ సంగతేవిటి?

ముందు తేరుకున్నది సత్యనారాయణమ్మ గారే. "మత్స్యావతారం" అని చేతులు జోడించింది.

"మన చేపలు ఎగరవు కదండీ" అన్నాడు తాతారావు నెమ్మదిగా. "అంటే పైలోకంలోనూ సముద్రం ఉందన్నమాట."

"కుజుడిలో నీళ్ళున్నాయన్నమాట" అని ప్రభాకరరావు నిన్నటి మాట ఇవాళ తిరగేసేడు. తిరగేసి, మునసబు గొంతు పెట్టేడు. "అది సరేగానండీ, చెరువు మైలపడింది. మీ కాళ్ళు పడ్డాయి. తప్పు కట్టి, పంచగవ్యం పోయించి శుద్ధి చేయించాలి మీరు."

"చేపలకి అక్కర్లేదా శుద్ధి?"

"అవి తెలియక పడ్డాయి. మీరు తెలిసి దిగేరు."

పేడా మూత్రమూ కలిపి ఈ నీళ్ళలోనే పోస్తారు, ఈ నీళ్ళే మళ్ళీ తాగుతారు. విశ్వనాథం నోట్లో నీళ్ళూరేయి, రుచికి కాదు.

"పొయ్యి ఆర్పేస్తానండి. నా కాళ్ళు పడ్డ నీళ్ళతో మీకు కాఫీ ఎందుకు?"

"మరిగితే కాళ్ళ దోషం పోతుందిలే నాయనా" అంది సత్యనారాయణమ్మ గారు. "ఓ గ్లాసు పంపించు."

అతను లోపలికెళ్ళి బాయిలరు నీళ్ళు మురుగ్గోతిలో దింపేసేడు. కాళ్ళకి ఆ జావ ఇంకా అంటుకునే ఉంది, కడుక్కోడానికి ఊళ్ళో నీళ్ళంటే ఆ చెరువే. పెరట్లోకెళ్ళి గెలలోంచి నాలుగు బొండాలు కోసి, కొట్టి, ఆ నీళ్ళు కాళ్ళ మీద పోసుకుంటూ కూచున్నాడు.

"బొండం నీళ్ళు కాళ్ళకా?" అని తాతారావు గోడ మీంచి అసహ్యించుకున్నాడు.

విశ్వనాథం అయిదో బొండం అందుకున్నాడు.