తాడు పట్టిన చెయ్యి

కొమ్మ దిగుతోంది. దిగాల్సిన తీరున కాదు, చేజారిన బస్తాలా. చెట్టు మొదట్లో చుట్టిన తాడు బుసకొడుతూ పైకి పరిగెడుతోంది. పైన కప్పీ గిర్రున తిరుగుతోంది. కప్పీకి కింద, మానుకు బెల్టుతో కట్టుకుని నిలబడ్డ మరిది మీదికి ఎద్దంత కొమ్మ వచ్చేస్తోంది. ఆమె చేతిలోని కాఫీ కప్పు ఎటు పోయిందో చూసుకోలేదు. ఒక్క ఉదుటున వెళ్ళి తాడు అందుకుంది. వట్టి చేతులతో. అరచేతుల చర్మం మాడుతున్న వాసన తన ముక్కుకే తగిలింది. అయినా వదల్లేదు. కొమ్మ వేగం తగ్గింది కానీ ఆగలేదు. తలకు తగలాల్సింది తొడకు తగిలింది. పైనుంచి వచ్చిన కేకకు వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. నర్సు ఆమె రెండు చేతులకీ కట్టు కట్టి అటు తిరగ్గానే మొగుడు పక్కకి జరిగాడు. నొప్పిగా ఉందా అని అడగడానికి కాదు.

“ప్రమాదం సంగతి రాసుకోడానికి భద్రతాధికారి వస్తున్నాడు. తాడు నీ చేతిలో ఉందని చెప్పు. జారిపోయిందను. అంతే.”

“నేను మీకు కాఫీ తేవడానికి లారీ దగ్గరికి వెళ్ళాను కదండీ.”

“అది నీకూ నాకూ తెలుసు. ఆయనకెందుకు? చేతులు చూపించు, నోరు విప్పకుండానే నమ్మేస్తాడు.”

ఆమె కట్ల వైపు చూసుకుంది. అతని తమ్ముణ్ణి బతికించిన చేతులు, వాటి మంట చల్లారకముందే ఆమెకే ఎదురు సాక్ష్యాలైపోయాయి. లారీలో వస్తూ అతను అన్నీ ఆలోచించుకునే ఉంటాడు. తాడు తెగిందందామంటే కొత్త తాడు, ఒక్క పోగు లేవలేదు. రంపం మొరాయించిందందామంటే కొమ్మ వెన్నలా తెగింది. తమ్ముడిదే తప్పందామంటే తల్లి ఊరుకోదు. ఇక మిగిలిందెవరు? ఆ ఇంట్లో ఏది అడుగంటినా ఎవరి కంచంలోకి వస్తుందో వాళ్ళే. కోడలు.

లారీ తలుపు మీద కంపెనీ పేరు కింద ‘అన్నదమ్ములు’ అని రాయించారు. ప్రమాదకరమైన చెట్లు తీసేస్తాం, గోడకి గీత పడనివ్వం అని దాని కిందే ఇంకో వరుస. ఆ గీత పడకుండా చూసేది తనేనని ఎక్కడా రాయించలేదు. పొద్దున్నే అందరికీ డబ్బాలు సర్ది, రంపం పళ్ళు ఆకురాయితో సానబట్టి, పెట్రోల్లో ఆయిల్ కలిపి, లారీ ఎక్కి, చెట్టు కింద తాడు పట్టుకుని, సాయంత్రం ఇంటికొచ్చి వాళ్ళ బట్టల్లోంచి రంపప్పొట్టు దులిపి ఉతికి, వంట చేసి, మధ్యలో ఫోన్లో కస్టమర్ల తిట్లు తిని, చివరికి ఎవరైనా “మేడమ్ కూడా పనిచేస్తారా?” అని అడిగితే, మొగుడు నవ్వి అనేవాడు, “అబ్బే, సరదాకొస్తుందండీ. ఇంట్లో కూర్చుంటే ఒళ్ళొస్తుందని.” పనివాళ్ళ బీమాలో తన పేరు రాయించమని ఒకసారి అడిగింది. “సొంతింట్లో నువ్వు పనిమనిషివా?” అన్నాడు. ఆ మాటలో గౌరవం ఉందేమోనని చాలాకాలం వెతుక్కుంది కూడా, పిచ్చిది. హెల్మెట్ అడిగితే అత్తగారు అందుకుంది, “కింద నిలబడేదానికి కిరీటం ఎందుకే?” అని. చివరికి మరిదే తన పాతది తెచ్చిచ్చాడు. దాని బెల్టు సరిపోదు. గడ్డం కింద తాడుముక్క కట్టుకుంటుంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి, తను పని చేస్తుందని మొగుడు నలుగురిలో ఒప్పుకోబోతున్నాడు. అదీ ఆ పని చెడగొట్టిందని చెప్పడానికి.

“నా మీద రాస్తే ఇంకెప్పుడూ నన్ను చెట్టు దగ్గరికి రానివ్వరు,” అంది.

“రాకపోతే ఏం? ఉద్యోగమే లేనిదానివి, నీ ఉద్యోగం ఎవడు పీకుతాడు? నా లైసెన్సు పోతే ఇంటిల్లిపాదీ రోడ్డున పడతాం.”

అత్తగారు కళ్ళొత్తుకుంటూ వచ్చి రెండో పక్క కూర్చుంది. “వాడు చెప్పినట్టు చెప్పవే తల్లీ. ఆడదానివి, చెయ్యి జారిందంటే అయ్యో పాపం అంటారు. వాడు జార్చాడంటే మొహాన ఉమ్మేస్తారు.”

ఎప్పుడూ ‘ఏమే’ తప్ప అనని మనిషి, ఇవాళ తల్లీ అంటోంది.

ఒప్పుకునేదేనేమో. ఇంతకుముందు ఎన్నిటికి ఒప్పుకోలేదు? కూరలో ఉప్పెక్కువైనా, పిల్లలు పుట్టకపోయినా, లారీ టైరు పంక్చరైనా తనదే తప్పు. ఇంకో తప్పు మోస్తే నడుమేం విరగదు. అలా అనుకుంటూ ఉండగానే ఎక్స్‌రే గదిలోంచి స్ట్రెచర్ వచ్చింది. పక్కనే నడుస్తున్న తోడికోడలు ఆమె వైపు చూడలేదు. మరిది చూశాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

“నువ్వే పట్టుకున్నావంటేనే కోశాను వదినా,” అన్నాడు. “ఎందుకొదిలేశావు?”

స్ట్రెచర్ ఆగలేదు. ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాయి.

మరిది ఎప్పుడూ అంతే. కోసేముందు కిందికి చూడడు, గొంతు మాత్రం వేస్తాడు. “వదినా, తాడు నీ దగ్గరేగా?” తను “ఆఁ” అంటేనే రంపం ఆడుతుంది. అన్న చేతిలో ఉంటే దిగొచ్చేస్తాడు కానీ కొయ్యడు. ఇవాళా అడిగాడు. అప్పటికి ఆమె లారీ దగ్గర కప్పులో కాఫీ పోసి, ఫ్లాస్కు మూత బిగిస్తోంది. “ఆఁ, మీ వదినే పట్టుకుంది, కొయ్యరా!” అని మొగుడి గొంతు వినిపించింది. కాదు అని అరుస్తూ ఆమె పరిగెత్తింది. రంపం మోతలో ఆ కాదు ఎవరికీ వినపడలేదు.

ఇది మాత్రం మొయ్యలేదు. ఉప్పు కాదు, టైరు కాదు. ఆ కాలు మళ్ళీ నేల మీద ఆనుతుందో లేదో తెలీదు. ఆనిన ప్రతిసారీ అతను వదినే వదిలేసిందనుకుంటాడు. ఆ ఇంట్లో తన పని ఎవరికైనా తెలుసంటే ఆ ఒక్కడికే తెలుసు.

భద్రతాధికారి వచ్చాడు. అలిసిపోయినట్టున్న మనిషి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మీరు కంపెనీలో ఏం చేస్తారమ్మా?”

మొగుడే అందుకున్నాడు. “తాడు పనంతా ఈవిడదే సార్. మాలో అందరికన్నా అనుభవం ఎక్కువ. ఏదో ఇవాళ గ్రహపాటు... చేతులు చూడండి.”

అందరికన్నా అనుభవం ఎక్కువ. ఆమెకి నవ్వొచ్చింది. ఈ ముక్క ఏ కస్టమర్ దగ్గరో అని ఉంటే, ఆ రోజు పండగ చేసుకునేది.

“నిజమే సార్. తాడు పని నాదే,” అంది.

మొగుడు ఊపిరి వదిలాడు. అత్తగారు పైకి చూసి దణ్ణం పెట్టింది. గోడకానుకున్న తోడికోడలు మొహం అటు తిప్పుకుంది.

“నాదే కాబట్టి గ్లవ్స్ లేకుండా తాడు ముట్టుకోను. అవింకా లారీలోనే, ఫ్లాస్కు పక్కనున్నాయి. నేను వెళ్ళేముందు మానుకి మూడు చుట్లు వేసి, ముడేసి వెళ్ళాను. చుట్లుంటే కొమ్మ ఎంత బరువైనా తాడు నెమ్మదిగానే జారుతుంది. తొందరపడేవాళ్ళకి అది నచ్చదు. నేనొచ్చేసరికి ముడి లేదు. ఒక్క చుట్టే ఉంది.”

“ఏయ్,” అన్నాడు మొగుడు.

“ఆయన్ని మాట్లాడనివ్వకండి సార్. ఇవాళ నా బదులు ఒకసారి మాట్లాడారు. అది చాలు.”

అత్తగారు మోచెయ్యి పట్టుకుంది. “నోర్ముయ్యవే. సంసారం కూలిపోతుంది.”

“కూలే చెట్టుని నిలబెట్టం కదత్తయ్యా. పక్కవాళ్ళ మీద పడకుండా చూసుకుంటాం.”

తోడికోడలు గోడ వదిలి దగ్గరికొచ్చింది. “మరి తాడు ఎవరి చేతిలో ఉందక్కా?”

ఆమె అధికారి వైపు చూడలేదు. ఆ పిల్ల కళ్ళలోకే చూసింది.

“మీ బావగారి చేతిలో. చుట్లు విప్పిందీ ఆయనే, నేను పట్టుకున్నానని నీ మొగుడికి చెప్పిందీ ఆయనే.”