తడిక వెనక కుందేలు

నేను ఒక కుందేలును. నవ్వకండి, నిజం కుందేలును కాదని నేనే ముందు చెప్పేస్తున్నా. ఒళ్లు గోనెపట్ట, బొచ్చు చిరిగిన కంబళి ముక్క, చెవులు మేకతోలు. నేల మీద రాసుకుని అరిగిపోకుండా కడుపు కింద పాత చెప్పుల తోలు. కళ్లేమో రెండు చొక్కా గుండీలు. ఇంతే నా వైభోగం. అయినా నా వెనక పరిగెత్తినన్ని కాళ్లు ఏ రాజు వెనకా పరిగెత్తి ఉండవు.

నన్ను కుట్టింది ఉలిగమ్మ. ఆదోనికి పడమట నల్లరేగడి చేలల్లో మా ఊరు. శివరాత్రి దాటి పత్తి ఏరడం అయిపోయిందంటే ఆ బీడు చేలల్లో వేటకుక్కల పందేలు మొదలు. ఒకప్పుడు బుట్టలోంచి బతికున్న కుందేలును వదిలి దాని వెనక కుక్కలను వదిలేవాళ్లంట. ఒక ఏడు ఫారెస్టు వాళ్లు వచ్చి, అది నేరమని చెప్పి, బుట్ట మూత తీసి కుందేలును గుట్టకేసి పంపించేశారు. ఆ కుందేలు ఆ దినం ఎంత నవ్వుకుందో. ఇక ఊళ్లో మగోళ్లంతా కుందేలు లేకుండా ఎట్లా అని తలలు పట్టుకున్నారు. కుక్కలేమో ఏ బాధా లేకుండా నీడకు పండుకున్నాయి. ఆఖరికి పందేలు నడిపే రామాంజి వచ్చి, "పెద్దమ్మా, బొంతలు కుడతావు, గోనెలు కుడతావు, ఒక కుందేలు కుట్టియ్యరాదా" అని ఉలిగమ్మను అడిగాడు.

ఆమె మూడు దినాలు కూర్చుని కుట్టింది. ఉలిగమ్మ ఒక కుట్టు వేస్తే రెండు మాటలు వేస్తుంది. సూదితో మాట్లాడుతుంది, కోడితో మాట్లాడుతుంది, వినేవాళ్లు ఎవరూ లేకపోతే రోకలితో మాట్లాడుతుంది. నాకు మాటలు వచ్చింది ఆ కుట్లలోంచే. కళ్లు కుట్టేటప్పుడు, "కుందేలు వెనక్కి కూడా చూస్తుందే నా తల్లీ, వెనక వచ్చేదాంతోనే కదా దానికి పని" అంటూ గుండీలు రెండూ చెవుల పక్కకు వెనకగా కుట్టింది. నా బతుకంతా ఆ గుండీల వల్లనే మారింది. ఎట్లాగో చెబుతా.

కడుపులోకి ఏం కూరాలా అని ఇల్లంతా వెదికితే ఆమె ఆకుపచ్చ ఇలకల్లు చీర దొరికింది. కట్టుకోవడానికి పనికిరాదు, జల్లెడ అయిపోయింది. జల్లెడ చేసింది గువ్వ. గువ్వంటే పక్షి కాదు, వాళ్ల ఇంటి వేటకుక్క. కన్ను సరిగా తెరవని పిల్లగా ఉన్నప్పుడు ఉలిగమ్మ కొడుకు మారెప్ప దాన్ని తుంగభద్ర అవతల నుంచి చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఉలిగమ్మ దానికి వత్తితో పాలు తాపింది, ఆ చీరలో చుట్టి ఒళ్లో పండుకోబెట్టింది. పళ్లొచ్చే కాలంలో అది ఆ చీరనంతా నమిలేసింది. "నువ్వు తిన్నది పోను మిగిలింది దీనికి" అని గువ్వకు చెప్పి మరీ ఆ చీరను చింపి నా కడుపులో కూరింది. నేను పుట్టింది అట్లా. గువ్వ నోట్లోంచి లాక్కున్న గుడ్డతో.

ఇక నా ఉద్యోగం. నాలుగు వందల గజాల బీడు. ఒక కొసన కుక్కలను పట్టుకుని మనుషులు నిలబడతారు. రెండో కొసన ఈతచాప తడిక ఒకటి నిలబెట్టి, దాని వెనక రామాంజి తన మోటారు సైకిలును స్టాండు వేసి, వెనక చక్రానికి టైరు ఊడదీసి కూర్చుంటాడు. ఉత్త చక్రానికి తాడు, ఆ తాడు చివర కుక్కల ముందర నేను. తువాలు ఊపగానే రామాంజి బండి ఉరికిస్తాడు, తాడు చక్రానికి చుట్టుకుంటుంది, నేను దుమ్ములో ఎగురుకుంటూ పోతాను. తడిక కింద జానెడు సందు. నేను అందులో దూరిపోతాను, కుక్కలు తడిక కాడ ఆగిపోతాయి. కుందేలు బొరియలోకి పోయిందని అవి అనుకోవాలి. కుక్క ఒక్కసారి నన్ను నోట కరిచి లోపలిది గుడ్డ అని తెలుసుకుందంటే, ఇక జన్మలో నా వెనక పరిగెత్తదు. అందుకే రామాంజి నన్ను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. ఆయన పెళ్లాం నగలకు కూడా తాళం లేదు.

కళ్ల సంగతి చెబుతానంటిని కదా. పందెం చూసే జనానికి కుక్కల పక్కటెముకలు, తోకలు, లేచే దుమ్ము కనిపిస్తాయి. వాటి ముఖాలు చూసింది నేనొక్కదాన్నే. కొన్ని కుక్కల ముఖంలో ఆకలి ఉండేది, పందెం ముందు దినం కూడు పెట్టరు కదా. కొన్నింటి ముఖంలో బెత్తం భయం ఉండేది. గువ్వ ముఖం మాత్రం వేరే. చెవులు వెనక్కి అంటుకుపోయి, పెదవులు గాలికి విడిపోయి, అచ్చం నవ్వుతున్నట్టే వచ్చేది. దానికి గెలుపు తెలియదు, పరుగు తెలుసు. రెండేళ్లు పెద్ద పందెంలో అదే ముందర. అందరూ దూరం నుంచి ఆహా అన్నారు గానీ, ఆ నవ్వును దగ్గర నుంచి చూసింది నేను.

గెలిచిన దానికి ఒక గిన్నెడు పాలు, గెలిపించినోడి తలకు ఎర్ర రుమాలు. పరిగెత్తింది ఒకరు, తలపాగా ఇంకొకరికి. మనుషుల లెక్కలో ఇది సరిగ్గానే ఉంటుంది మరి. అయితే మారెప్ప చెడ్డోడంటే మాత్రం నేను ఒప్పుకోను. తన కంచంలోని గుడ్డు గువ్వకు పెట్టేవాడు, ఎండ పెరిగితే దాని కాళ్లకు ఆముదం రాసేవాడు. ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవని మనిషిని గువ్వ వల్ల చుట్టుపక్కల ఊళ్లన్నీ "గువ్వ మారెప్ప" అనడం మొదలుపెట్టాయి. మనిషికి పేరు రుచి తగిలితే మెల్లగా ఎక్కుతుంది.

మూడో ఏడు ఉగాదికి ఇంకా మూడు వారాలుందనగా, చేలో తిప్పుతుంటే గువ్వ ముందరి కుడికాలు నల్లరేగడి నెర్రెలో పడింది. ఎండలకు నేల అరచేయి పట్టేంత పగులుతుంది కదా, అందులో. ఆ పొద్దు నుంచి కాలు ఎత్తి ఎత్తి వేస్తోంది. పశువుల డాక్టరమ్మ చూసి ఎముకలో వెంట్రుకంత బీట ఉందని, ఆర్నెల్లు దీన్ని గెంతనివ్వొద్దని, పరిగెత్తితే కాలు విరిగి తీసెయ్యాల్సి వస్తుందని గట్టిగా చెప్పిందంట. ఇదంతా నేను ఉలిగమ్మ నోట విన్నదే. పెద్ద పందెం ముందు రామాంజి నన్ను ఆమె దగ్గర మరమ్మతుకు వదిలిపోతాడు, ఆ ఏడు నా ఎడమ చెవి ఊడిపోయి ఉంది.

చెవి కుడుతూ ఆమె నాకు బాణం కథ కూడా గుర్తు చేసింది. బాణం గువ్వ కంటే ముందు గెలిచిన కుక్క. కాలు విరిగినాక దాని యజమాని ఆదోని మార్కెట్ యార్డు కాడ దించి వచ్చేశాడు. అది మూడు దినాలు కుంటుకుంటూ నడిచి ఇంటికి వచ్చింది, వాకిట్లో కూర్చుంది, ఎవరూ తలుపు తీయలేదు. అప్పుడు ఊరంతా అయ్యో అన్నారు, మారెప్ప అందరికంటే గట్టిగా అన్నాడు. ఇప్పుడు అదే మారెప్ప గోడ గూట్లో కాగితం చుట్టిన సూదిమందు ఒకటి దాచుకున్నాడు. అది పొడిస్తే కుక్కకు నొప్పి తెలియదని ఎవడో చెప్పాడంట.

ఉలిగమ్మ కొడుకుకు చెప్పని తీరు లేదు. బతిమాలింది, తిట్టింది, ఒక పూట కూడు మానింది. వాడు తల వంచుకుని, "ఒక్క పరుగేమా. ఈ ఒక్కటి గెలిస్తే ఇంక నేనే దాన్ని కట్టేస్తా" అన్నాడు. సూది పారేస్తే ఇంకో సూది తెస్తాడు. కుక్కను దాచిపెడితే వెదికి తెస్తాడు. "వాడు వినేటట్టు లేడే కుందేలా, వాడి చెవిలో ఊరంతా కూర్చుంది" అని ఆమె నా కొత్త చెవి మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరికే ఉండింది. ఉలిగమ్మ నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మిట్ట మధ్యాహ్నం. మారెప్ప పెళ్లాంతో చేనికి పోయాడు. ఉలిగమ్మ వాకిట్లో కూర్చుని, "గువ్వా, ఇట్లా రామ్మా" అని పిలిచింది. గువ్వ మూడు కాళ్ల మీద వచ్చింది, నన్ను చూసింది. ఒళ్లంతా విల్లులా బిగిసింది. నాకు గుండె లేదు గానీ ఉంటే ఆగిపోయేది. ఉలిగమ్మ నన్ను దాని ముందు వెల్లకిలా పెట్టి, కొడవలి మొనతో నా కడుపు కుట్లు ఒక్కొక్కటే తెంపింది. లోపలి చీర బయటికి లాగి, "చూడు, నువ్వు తరిమింది దీన్నే. బాగా చూడు" అంది.

గువ్వ ముక్కు నా కడుపులో పెట్టింది. ఇన్నేళ్లూ పందెం ముందర రామాంజి నాకు మేక నెత్తురు పూసేవాడు, దుమ్ము ఉండేది, గాలి ఉండేది. ఇప్పుడు అవేమీ లేవు. పాల వాసన, ఉలిగమ్మ వక్కాకు వాసన, దాని చిన్నప్పటి పళ్ల గాట్లు. అది ఒకసారి మూలిగింది. తర్వాత నా ముఖం నాకింది. ఆనక ఆ చీర మీద తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. నా గుట్టు రట్టయిందని నాకు ఏడుపు రావాలి, ఎందుకో రాలేదు. రెండేళ్లు నా వెనక పడిన ముఖం అంత దగ్గరగా, అంత నెమ్మదిగా ఎన్నడూ లేదు. సాయంత్రం లోపల ఉలిగమ్మ నన్ను మళ్లీ కుట్టేసింది. నల్లదారం అయిపోయి ఎర్రదారంతో కుట్టింది.

ఉగాది మరుసటి దినం పెద్ద పందెం. మారెప్ప పొద్దున్నే సూది పొడిచాడు. గువ్వ నాలుగు కాళ్ల మీద నిలబడింది, ఒక్క కుంటు లేదు. పందెం చూడటానికి ఎన్నడూ రాని ఉలిగమ్మ ఆ దినం వచ్చి తడికకు కొంచెం ఎడంగా గోనె పరుచుకుని కూర్చుంది. ఏడు కుక్కలు వరసలో. రామాంజి బండి ఉరికించాడు, నేను ఎగిరాను. నా గుండీ కళ్లు గువ్వ కోసం చూశాయి.

ఆరు ముఖాలు నా మీదికి వచ్చాయి. ఏడోది రాలేదు. గువ్వ గీత కాడే నిలబడి, ముందరి కాళ్లు చాపి ఒళ్లు విరుచుకుని, ఇంత పొడుగున ఆవలించింది. మారెప్ప వెనక నుంచి తోశాడు, చప్పట్లు కొట్టాడు, బతిమాలాడు. అది వాడి చెయ్యి నాకి, పెళ్లికి పోయినట్టు మెల్లగా నడుచుకుంటూ బీడు మధ్యలోంచి బయల్దేరింది. జనం నవ్వుతున్నారు. ఆరు కుక్కలూ తడిక ముందు మొరుగుతుంటే గువ్వ వాటి పక్కనుంచే వచ్చి, తడిక చుట్టూ తిరిగి, రామాంజి కాళ్ల మధ్య పడి ఉన్న నన్ను నోట పట్టుకుంది. రామాంజి కాసేపు తాడు లాగాడు. దాని కళ్లల్లోకి చూసి వదిలేశాడు. గువ్వ నన్ను తీసుకుపోయి ఉలిగమ్మ ఒళ్లో పెట్టి, తోక ఊపింది.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ముసలాయన మాత్రం, "గువ్వ మారెప్పా, పందెం పోతే పోయిందిలే. ఇన్నేండ్లలో కుందేలును పట్టింది నీ కుక్కే గదప్పా" అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు, ఈసారి వేరే నవ్వు.

మారెప్ప ముఖం ఎర్రబడి వచ్చాడు. నన్ను ఎత్తి తిప్పి చూశాడు. కడుపు మీద ఎర్రదారం కనిపించింది. వాళ్లమ్మ కుట్టు వాడికి తెలియదా, వాడి చొక్కాలన్నీ ఆ కుట్టువే.

"అమా, నువ్వేనా?"

"నేనేరా. నీకు చెప్తి, నువ్వు వినకపోతివి. దానికి చెప్తి, అది వినె."

వాడు నన్ను మళ్లీ ఆమె ఒళ్లో పెట్టాడు. ఈలోపు సూదిమందు దిగిపోయిందో ఏమో, గువ్వ కుడికాలు పైకెత్తి పట్టుకుంది. నడక ఒక్కటే చేసిన కాలు అది, అయినా మణికట్టు కాడ వాచి ఉంది. మారెప్ప చతికిలబడి ఆ కాలును ఒళ్లోకి తీసుకున్నాడు. తలకు కట్టుకొచ్చిన పోయినేటి ఎర్ర రుమాలు విప్పి, దాని కాలికి చుట్టాడు. చుడుతూ చుడుతూ, "ఇది పరిగెత్తి ఉంటే" అని ఆగిపోయాడు. ఉలిగమ్మ, "గట్టిగా బిగించొద్దు, నెత్తురు ఆడాల" అంది అంతే. గువ్వను ఇంటిదాకా వాడే మోసుకుపోయాడు. నన్ను ఉలిగమ్మ చంకన పెట్టుకుంది.

రామాంజి నా కోసం రెండుసార్లు ఇంటికి వచ్చాడు. రెండుసార్లూ గువ్వ నా మీద కాలు వేసి పండుకుంది, రుమాలు కట్టిన కాలే. ఆఖరికి ఆయనే పోయి ఆదోని బజారులో ఎలుగుబంటి బొమ్మ ఒకటి కొని తాడుకు కట్టాడంట. కుక్కలు దాన్నీ తరుముతున్నాయంట. ఎలుగుబంటి ఉరకడం, దాన్ని కుక్కలు తరమడం, చూడటానికి ఊళ్లు కదిలిపోవడం. పందేలు ఆగలేదు, మీతో అబద్ధం ఎందుకు చెప్పాలా. కాకపోతే ఓడిన కుక్కలను ఎక్కడో దించి వచ్చేవాళ్లకు ఇప్పుడొక దారి దొరికింది. మారెప్ప వాకిట్లో వదిలిపోతున్నారు. వాడు తిడతాడు, తిట్టి సంగటి కలుపుతాడు. ఇప్పటికి ఇంట్లో మూడున్నాయి. వాడిని ఇంకా గువ్వ మారెప్ప అనే అంటారు, రుమాలు లేకపోయినా.

గువ్వ కాలు అతుక్కుంది. నడకలో కొంచెం ఒరుగు ఉంది, ఉలిగమ్మకు ఉన్నంతే. ఇద్దరూ కలిసి వాకిట్లోకి వస్తే ఒకే పాటకు నడిచినట్టు ఉంటుంది. నా చెవులు రెండూ పోయాయి, కంబళి బొచ్చు రాలిపోయింది, ఒక గుండీ ఊడింది. మధ్యాహ్నం పూట నేను గువ్వకు తలగడను.

ఎండకు ఊరు సద్దుమణిగినప్పుడు గువ్వ గడ్డం నా మీద పెట్టి నిద్రపోతుంది. కాసేపటికి దాని కాళ్లు నాలుగూ కదలడం మొదలుపెడతాయి. మొదట మెల్లగా, తర్వాత జోరుగా. పెదవులు విడిపోతాయి, ఆ పాత నవ్వు వస్తుంది. ఉలిగమ్మ సూది ఆపి, "పరిగెత్తమ్మా, పరిగెత్తు" అంటుంది. మిగిలిన ఒక్క గుండీతో నేను దాన్ని చూస్తూ ఉంటాను. దాని గుండె నా గోనెలోకి కొట్టుకుంటుంటే నేనూ కదులుతాను, ముందర నేను, వెనక అది. ఎంత దూరం పోయినా తడిక రాదు.