ఆర్విల్ కోసం వేసిన రికార్డు

అమెరికాలోని కెంటకీలో, ఒక బొగ్గు గనిలో పైకప్పు కూలి వెర్లిన్ తమ్ముడు ఆర్విల్ చనిపోయాడు. తాగి పనిలోకి దిగాడని మేనేజర్ క్లాయిడ్ విచారణలో చెప్పాడు. ఆర్విల్ జన్మలో చుక్క ముట్టలేదు. పాటలు కట్టే వెర్లిన్ ఆ అబద్ధాన్నీ, గని పైకప్పు కింద పుచ్చిపోయిన దూలాలనీ, మనుషుల పేర్లతో సహా పాడి 1971లో రికార్డు వేశాడు. రేడియోవాళ్లు భయపడి దాన్ని వినిపించలేదు.

రెండేళ్లకు క్లాయిడ్, అక్కడ ఓట్లతో ఎన్నుకునే కౌంటీ జడ్జి పదవికి పోటీ చేశాడు. అతను ఓట్లడిగిన ప్రతిచోటా వెర్లిన్ ట్రక్కు ఆపి, మైకులో ఆ రికార్డు మోగించాడు. క్లాయిడ్ చిత్తుగా ఓడిపోయాడు.

మర్నాడు అతని ఇంటి ముందే పాట మొదలైంది.

"ఓడిపోయాగా! ఇంకేం కావాలిరా నీకు?" అని అరిచాడు క్లాయిడ్.

"మావాడు తాగలేదని ఊరందరి ముందూ చెప్పు."

క్లాయిడ్ తలుపేసుకున్నాడు. వెర్లిన్ రికార్డు తిరగేసి రెండో వైపు పెట్టాడు.